ఆయనకి ఏమిష్టం?

గౌలిపురా, హైదరాబాదు
18-6-1979

చి.ల.సౌ. త్రిపురసుందరికి వదిన హైమవతి దీవించి రాయునది.

నీ ఉత్తరం వచ్చిన సంగతి నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు. పొద్దున్నే పోస్టుమాను కవరు ఇచ్చాడు. విప్పి చూస్తే మొదట్లోనే "గంగాభాగీరథీ సమానురాలైన" అని ఉంది. ఎవరి ఉత్తరమో మనింట్లో పడిందనుకుని మడిచి కిటికీలో పెట్టేశాను. ఆనందరావు బ్యాంకు నుంచి వచ్చి, "అమ్మా, కాకినాడ అత్తయ్య రాసింది కదా, చదవలేదేం?" అంటే అప్పుడు తెలిసింది, ఆ గంగాభాగీరథిని నేనేనని. నలభై ఏళ్లు "మహాలక్ష్మీ సమానురాలైన" అని రాసినదానివి, ఒక్క నెలలో నన్ను తీసుకెళ్లి గంగలో కలిపావు. కోపం కాదే. మొగుడు పోయినవాళ్లకి అలాగే రాయాలని నాకూ తెలుసు, మా అమ్మకి నేను రాయలేదూ? కానీ ఆ మాట నా పేరు ముందు చూస్తే ఎవరో పెద్దావిడ మనింటికి వచ్చి కూర్చున్నట్టుంది. ఇకమీదట "వదినకి" అని రాయి, చాలు.

మీ అన్నయ్య మొదటి మాసికం అయింది. ముందురోజు ఆనందరావు సంచి పట్టుకుని వచ్చి, "శాస్త్రిగారు నాన్నగారికి ఇష్టమైన కూరలు చేయించమన్నారమ్మా. మీరాలం మండీకి వెళుతున్నాను, ఏం తెమ్మంటావు?" అన్నాడు. ఏమిష్టం ఆయనకి? ఇన్నేళ్లు వండిపెట్టినదాన్ని, నాకు తెలియలేదు త్రిపురా! ఏది పెడితే అది తిన్నారు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అనేవారు. ఇది చెయ్యమనలేదు, అది వద్దనలేదు. అలాంటి మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతమని మా అక్కచెల్లెళ్లు కుళ్లుకునేవారు. ఆ సుకృతమే ఇప్పుడు నా పీక మీదికి వచ్చింది.

ఇంట్లోవాళ్లని అడిగాను. ఆనందరావు వంకాయ అన్నాడు. తనకిష్టమైనవన్నీ తండ్రికి అంటగట్టడం వాడికి చిన్నప్పటి అలవాటు. కోడలు కమల దోసకాయ పప్పు అంది. మనవరాలు ఇందు, "తాతయ్యకి ఏ కూరా ఇష్టం లేదు, మజ్జిగే ఇష్టం" అంది. అది రెండో తరగతి, దాని మాటకేం గానీ, పక్కింటి రాజమణిని కూడా అడిగాను. పాలు పోసే రాజమణి, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు వచ్చినప్పుడు నీకు జున్నుపాలు ఇచ్చింది. "సారు ఏం పెట్టినా తినేటోడే కదమ్మా, గంత మంచి మనిషికి గిది ఇష్టం గది ఇష్టం లేదని ఉంటదా?" అని కళ్లు తుడుచుకుంది.

చివరికి అరటికాయ, బీరకాయ, పెసరపప్పు చేయించాను. మడి కట్టుకుని వండింది కమల, గడప దగ్గర కూర్చుని చెప్పింది నేను. మాసికానికి మిరపకాయ పనికిరాదుగా, మిరియాలే వేశాం. అది ఆయనకి ఇష్టమో కాదో తెలియకుండా పెట్టడం నాకు చాలా కష్టంగా ఉంది. సంవత్సరీకం లోపల తెలుసుకోవాలి. ఆరోజైనా ఆయనకి ఇష్టమైనది పెట్టాలి. నువ్వు ఆయనతో ఒకే కంచంలో తిన్నదానివి, చెప్పు.

ఆశీస్సులతో,
వదిన

—

కాకినాడ
2-7-1979

వదినకి,

ఈసారి సరిగ్గా రాశానా? ఆ మాట రాయమన్నది మావారే. పెద్దలు పెట్టిన పద్ధతి, తప్పకూడదన్నారు. ఆయనకి పద్ధతి అంటే ప్రాణం, నీకు తెలుసుగా. రాసి, దానివంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అన్నయ్య పోయాడని టెలిగ్రాం వచ్చినప్పుడు కూడా నాకు అంత నమ్మకం కలగలేదు వదినా, నా చేత్తో ఆ మాట రాశాక కలిగింది.

అన్నయ్యకి ఏమిష్టమంటే ఏం చెప్పను? చిన్నప్పుడు పెసరకట్టు, పనసపొట్టు కూర, కొబ్బరికోరు వేసిన అరటికాయ ఇష్టంగా తినేవాడు. అమ్మ చేసేది. మన కోనసీమలో అందరూ తినేవే. ఆ తర్వాత సంగతి నాకేం తెలుస్తుంది? నీ చేతివంట తిన్నాడు. అన్నీ ఇష్టమే అయ్యుంటాయి. మాసికానికి ఎలాగూ మిరపకాయ వేయరు, అదొకటి నయం. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నా మోకాలు వానని ఒకరోజు ముందే చెబుతోంది. మావారు రోజూ ఆ మోకాలునే అడిగి గొడుగు తీసుకెళుతున్నారు. ఇందుకి నా ముద్దులు. కమల బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోతే పగలంతా ఒక్కదానివీ ఏం చేస్తున్నావు? పగటిపూట నిద్రపోకు, తలనొప్పి వస్తుంది.

నీ
త్రిపుర

—

గౌలిపురా, హైదరాబాదు
9-9-1979

చి.ల.సౌ. త్రిపురకి,

పగలంతా ఏం చేస్తున్నావని అడిగావు. పొద్దున్నే నల్లా రాగానే బిందెలు నింపడం. ఇందుకి రెండు జడలు వేసి బడికి పంపడం. వారానికోసారి కిరసనాయిలు వరసలో నిలబడటం. మధ్యాహ్నం బియ్యం ఏరడం. పని లేదనడానికి లేదు. కానీ పని మధ్యలో నేను ఎక్కడున్నానో మరిచిపోతున్నాను. మొన్న పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియక మళ్లీ వేశాను. ఇంకోరోజు ఆయన పంచె ఉతికి ఆరేసి, మడతపెట్టి, అలమారలో పెట్టి, అప్పుడు కూర్చుండిపోయాను. దుఃఖం అంటే గుండెలు బాదుకోవడమని అనుకున్నాను. నాకు అలా లేదు. అంతా అయోమయంగా ఉంది.

ఇంకో సంగతి. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. మాసికానికి పితృస్థానంలో కూర్చోవడానికి ఆదిశేషయ్యగారని ఒక పెద్దాయన వస్తారు. శాలిబండ నుంచి నడిచి వస్తారు. సన్నగా, మీ అన్నయ్య అంత ఎత్తు ఉంటారు. మాట్లాడరు. భోక్త భోంచేస్తూ మాట్లాడకూడదుగా, వంట బాగుందా అని మనమూ అడగకూడదు. కానీ ఆ తినడం చూడాలి! పెసరపప్పు కలుపుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క ముద్దా శ్రద్ధగా తింటారు. చెయ్యి చాపి మారు వేయించుకుంటారు. అచ్చం మా మామగారి తద్దినం రోజున మీ అన్నయ్య తిన్నట్టే. మిగతా రోజుల్లో పిట్టలా తినే మనిషి, తద్దినం రోజున మాత్రం రెండుసార్లు మారు అడిగేవారు. ఎంత పితృభక్తి అని మురిసిపోయేదాన్ని.

నిజం చెప్పనా? మాసికం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. గడప దగ్గర కూర్చుని ఆ తినే చేతిని చూస్తుంటే, ఆయన ఉన్నట్టే ఉంటుంది. పరాయి మగవాడు తింటుంటే చూడటానికి ఎదురుచూసే ముసలిముండని ఏమనాలి? పాపమా ఇది? ఆ గంట శాస్త్రప్రకారం ఆయన మీ అన్నయ్యేగా? నాకేమీ తెలియడం లేదు.

నీ ఉత్తరం ఐదారుసార్లు చదివాను. "మిరపకాయ వేయరు, అదొకటి నయం" అన్నావు. ఎందుకు నయం? నువ్వేదో మింగేసినట్టు నాకు అనిపిస్తోంది. నాకు కోనసీమ పిల్లాడి ఇష్టాలు కాదు, నా ఇంట్లో తిన్న మనిషి ఇష్టం కావాలి.

వదిన

—

కాకినాడ
20-9-1979

వదినకి,

కార్డు ముక్కే రాస్తున్నాను, మావారికి జ్వరం. ఆదిశేషయ్యగారి సంగతి లాంటివి ఇంకెవరికీ రాయకు, కమలకీ చెప్పకు. పాపమో పుణ్యమో నాకు తెలియదు గానీ, లోకం వినేది కాదు. రామనామం రాసుకో, మనసు నిలకడగా ఉంటుంది.

అన్నయ్యకి ఏమిష్టమో ఇప్పుడు తవ్వి ఏంచేస్తావు? పోయిన మనిషిని తిండి దగ్గర పట్టుకుని లాగకు.

త్రిపుర

—

గౌలిపురా, హైదరాబాదు
14-12-1979

త్రిపురకి,

నీ కార్డుకి జవాబు రాయకూడదనుకున్నాను. రామనామం రాసుకోమన్నావు. నేను చేతకానిదాన్నని, ఒక మూల కూర్చోబెడితే సరిపోతుందని అందరూ అనుకుంటున్నారు, ఆ వరసలో నువ్వూ చేరావనుకున్నాను. దీపావళికి వీధంతా వెలుగుతుంటే మనింట్లో దీపం పెట్టలేదు. ఇందు ఒక్క కాకరపువ్వొత్తికి ఏడిస్తే రాజమణి వాళ్ల ఇంటికి పంపాను. ఆ రాత్రి కూడా నీకు రాయాలనిపించి మానుకున్నాను.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. నిన్న పొద్దున్న పాలు పోయడానికి రాజమణి వచ్చింది. ఇందు ఆవకాయ అన్నం తిని, నోరు మండి గంతులేస్తోంది. నేను నవ్వుతూ, "మీ తాతయ్య పోలిక నీకు ఒక్కటీ రాలేదే" అన్నాను. రాజమణి పాల చెంబు కింద పెట్టి, నా వంక చూసి, "సారుకు గూడ గిట్లనే అయితుండె కదమ్మా" అంది.

"ఏమిటే నువ్వనేది?"

"అన్నం తిన్నంక ఎన్కకెళ్లి మా కొట్టం కాడికి వస్తుండె. రాజమణీ, గిలాసెడు సల్ల పొయ్యి అంటుండె. నిలబడి గటగట తాగుతుండె. కొలువుల ఉన్నప్పుడు గట్లనే, కొలువు అయిపోయినంక గట్లనే. అమ్మకు చెప్పకు, ఫికర్ చేస్తది అంటుండె. ఇగ సారే లేడు, చెప్తే ఏమైతది?"

మన ఇంట్లో మజ్జిగ లేకనా త్రిపురా? కుండెడు ఉంటుంది. నా ఎదుట తాగని మజ్జిగ పక్కింటి గేదెల కొట్టంలో ఎందుకు తాగాలి? లోకం తెలియని చిన్నపిల్ల ఇందు ఆ రోజు మజ్జిగే ఇష్టమంది, దాన్ని నేను కసిరాను. ఇంటిల్లిపాదికీ తెలిసింది నాకు తెలియలేదు. ఆయనకి కడుపులో ఏదైనా జబ్బు ఉండేదా? గుండెపోటు అని డాక్టరు చెప్పింది నిజమేనా? నాకు చెప్పకుండా మీరందరూ ఏం దాచారు?

నువ్వు చెప్పకపోతే ఇక నాకు ఉత్తరం రాయవద్దు. ఒట్టు.

హైమవతి

—

కాకినాడ
8-1-1980

వదినా,

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను. అన్నయ్యకి ఏ జబ్బూ లేదు. గుండెపోటు గుండెపోటే. నీకు ఆ భయం పెట్టినందుకు ముందు నన్ను తిట్టు.

నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో, అమ్మ నిన్ను మొదటిసారి వంటింట్లోకి పంపిన రోజు. పల్నాటి పిల్ల ఏం వండుతుందో చూద్దామని అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. నువ్వు గుత్తివంకాయ చేశావు. ఎన్ని ఎండుమిరపకాయలు దంచావో గానీ, ఘాటుకి వీధి అరుగు మీదున్న నాన్న దగ్గుతూ లోపలికి వచ్చారు. అమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని విస్తట్లోంచి చెయ్యి తీసేసింది. "ఇది కూరా, కొరివా? రేపే మీ నాన్నకి కబురు చేస్తాను. నీకు వంట నేర్పి అప్పుడు పంపమంటాను" అంది. నువ్వు స్తంభం చాటుకి వెళ్లి నిలబడ్డావు. నీకు పదిహేనేళ్లు, నాకు పన్నెండు. నాకు బాగా గుర్తు.

మా అన్నయ్య కారం తినలేడు వదినా. ఇంత కారం తగిలితే ఎక్కిళ్లు వచ్చేవి. అమ్మ వాడికి రోజూ చప్పిడి కూర వేరే తీసి ఉంచేది. ఆ అన్నయ్య ఆరోజు తల ఎత్తకుండా, "నాకు బాగానే ఉంది. ఇలాగే ఇష్టం. మారు వడ్డించమను" అన్నాడు. కొడుకు అబద్ధమాడుతున్నాడని అమ్మకి తెలుసు, ఎందుకాడుతున్నాడో కూడా తెలుసు. నీ పుట్టింటికి కబురు వెళ్లలేదు. సాయంత్రం పెరట్లో చూస్తే అన్నయ్య గోలెం పక్కన కూర్చుని, బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని, నాలుక బయటికి వేలాడేసి ఉన్నాడు. "ఎవరికైనా చెప్పావంటే నీ జడ కత్తిరిస్తాను" అన్నాడు.

అమ్మ పోయాక ఒకసారి అడిగాను, ఇప్పుడైనా వదినకి చెప్పవేం అని. "ఇన్నాళ్లు అబద్ధం చెప్పానని బాధపడుతుంది. నాకూ అలవాటైపోయిందిలే" అన్నాడు. అలవాటైందో లేదో నాకు తెలియదు. కొట్టంలో మజ్జిగ సంగతి చదివి ఏడ్చాను.

నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. జడ కత్తిరిస్తాడని భయపడ్డానా? కాదు. అన్నయ్య గురించి నీకు తెలియనిది నాకొక్కటి మిగిలింది. అది కూడా నీకిచ్చేస్తే నా దగ్గర ఏముంటుందని దాచుకున్నాను. ఇప్పుడు ఇచ్చేశాను.

ఒట్టు తీసెయ్యి. ఉత్తరం రాయి.

నీ
త్రిపుర

—

గౌలిపురా, హైదరాబాదు
22-3-1980

చి.ల.సౌ. త్రిపురకి,

ఒట్టు తీసేశాను. ఇన్నాళ్లు రాయకపోవడం నీ మీద కోపంతో కాదు. ఆయన మీద. నీ ఉత్తరం చదివిన రోజున వెళ్లి ఆయన ఫొటోని గోడ వైపు తిప్పాను. కాసేపటికి మళ్లీ ఇటు తిప్పాను. కమల చూసి, "దుమ్ము దులుపుతున్నారా అత్తయ్యా?" అంది. అవునన్నాను.

ఆరోజు మీ అమ్మగారి ముందు నన్ను కాపాడటానికి అన్నారు, సరే. కొత్త పెళ్లికూతురిని, చిన్నపిల్లని. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా కళ్లు చెమరుస్తున్నాయి. కానీ మా అత్తగారు పోయి ఇరవై ఏళ్లయింది. ఆవిడ పోయిన మర్నాడైనా చెప్పొచ్చుగా? నేనేమన్నా పులినా, మింగేస్తానా? రెండు గిన్నెలు పెట్టి వండటం నాకు చేతకాదా? నా చేత్తో నేనే రోజూ ఆయన నోట్లో నిప్పులు పోశాను. నన్ను ఆ పాపంలో ఉంచి ఆయన మంచివాడైపోయారు. తద్దినం రోజున మారు అడిగితే పితృభక్తి అనుకున్నాను! ఏడాదిలో ఒకటి రెండు రోజులే ఆయన కడుపునిండా తిన్నారేమో. ఆ తర్వాత తిట్టడం ఆపి, నన్ను నేను అడుగుతాను: ఉప్పు సరిపోయిందా అని అన్నేళ్లు అడిగావే, కారం సంగతి ఒక్కరోజు ఎందుకు అడగలేదు? పల్నాటిలో పుట్టినదానికి కారం ఎక్కువవడమనేది ఒకటుంటుందని తోచదు. అంతే.

ఇంట్లో మిరపకాయ మానేశాను. వారం రోజులు చప్పిడి పప్పు, చప్పిడి కూర. ఇందు ఒక్కతే సంతోషంగా తింది. ఆనందరావు ముద్ద కలుపుతూ, "అమ్మా, నాన్నగారి మాసికం నెలకొక్కసారేగా, రోజూ పెడుతున్నావేం?" అన్నాడు. వాడికి సంగతంతా చెప్పాను. వాడు ముద్ద కంచంలో పెట్టేసి, "గుండెకీ కారానికీ సంబంధం లేదమ్మా. డాక్టరు నాతో చెప్పాడు" అన్నాడు. అడగకుండానే నా మనసులో ఉన్నదానికి జవాబు చెప్పాడు. వాడిలో ఆయన పోలిక ఉందని మొదటిసారి అనుకున్నాను.

ఇంతలో ఏడాది మిరపకాయలు కొనే రోజులు వచ్చాయి. ఎప్పుడూ ఆయనే ఉస్మాన్‌గంజ్ వెళ్లి తెచ్చేవారు. ఈసారి నేను రాజమణిని తోడు తీసుకుని వెళ్లాను. బస్తాల మధ్య నిలబడితేనే తుమ్ములు. సేటు మమ్మల్ని చూసి, సారు రాలేదేమని అడిగాడు. చెప్పాను. అతను కొట్టు దిగి వచ్చి నాకు కూర్చోవడానికి మోడా వేశాడు.

"సారు మస్తు షౌకీన్ మనిషి ఉండె అమ్మా. వచ్చిండంటె ఒక మిర్చి తెంపి నోట్లేసుకుంటుండె. కండ్లల్ల నీళ్లు, ముక్కుల్ల నీళ్లు కారుతుండె. అయినా గిది తేజ్ లేదు సేటూ, ఇంకో బస్తా ఇప్పు అంటుండె. మా ఇంట్ల కారం లేకుంటె ముద్ద దిగదు అని నవ్వుతుండె. గట్ల చూసి కొనేటోన్ని నేను మళ్ల చూడలే."

ఇప్పుడు చెప్పు త్రిపురా. కారం తినలేని మనిషి, బజార్లో నిలబడి, ఒక్కొక్క బస్తాలో మిరపకాయ కొరికి, అన్నిటికన్నా ఘాటైనది ఏరి ఇంటికి తెస్తాడా? నాకోసం తెచ్చారా? లేక నిజంగానే ఇష్టపడ్డారా? నవ్వుతూ అన్నారట. ఏ నవ్వు అది? నువ్వు చెప్పినప్పుడు కోపమైనా ఉండేది, దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు అది కూడా జారిపోయింది. నాకేమీ అర్థం కావడం లేదు. సేటు బస్తాలు చూపిస్తుంటే నేనూ ఒక మిరపకాయ కొరికి చూశాను. నాకు ఘాటుగా అనిపించలేదు. ఇంకొకటి చూపించమన్నాను.

సంవత్సరీకం దగ్గరికొచ్చింది. నువ్వు తప్పకుండా రావాలి. ఏం వండాలో నువ్వే చెప్పాలి.

వదిన

—

కాకినాడ
18-4-1980

వదినకి,

నా రాతే అంత. మావారికి కంటి ఆపరేషను అదే వారంలో పెట్టారు. ఆయనకి చుక్కల మందు వేయడానికి మనిషి కావాలి, ఇంకెవరు వేసినా ఆయన కన్ను తెరవరు. అన్నయ్య సంవత్సరీకానికి నేను రాలేకపోతున్నాను. వచ్చేనెల చివర్లో వస్తాను.

పెసరకట్టు, అరటికాయ కొబ్బరికోరు, పనసపొట్టు చేయించు. పనసకాయ అక్కడ దొరక్కపోతే ఆనందరావుని బేగంబజారులో అడగమను. అమ్మ చేసినట్టే చెయ్యి, ఆవ తక్కువ పెట్టు. సేటు మాట నమ్మకు. వ్యాపారస్తుడు అందరికీ అలాగే చెబుతాడు. అన్నయ్య ఎలాంటివాడో నాకు తెలుసు. వాడికి చప్పిడే ఇష్టం.

నీ
త్రిపుర

—

గౌలిపురా, హైదరాబాదు
12-5-1980

చి.ల.సౌ. త్రిపురకి వదిన దీవించి రాయునది.

మీవారి కన్ను ఎలా ఉంది? చుక్కల మందు మానకు.

సంవత్సరీకం అయిపోయింది. అయిందో, చెడిందో, శాస్త్రిగారికే తెలియాలి. నేను చేసిన పని వినగానే నువ్వు ఉత్తరం కింద పడేస్తావు, ముందే చెబుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేయించాను. పనసపొట్టు దొరికింది. కమల పాపం సెలవు పెట్టి, తెల్లవారుజామున లేచి, ఒక్క మాట అనకుండా వండింది. తంతు అంతా బాగానే నడిచింది. ఆదిశేషయ్యగారు పితృస్థానంలో కూర్చున్నారు. ఎప్పట్లాగే కళ్లు మూసుకుని తింటున్నారు, మారు వేయించుకుంటున్నారు. ఆనందరావు చేతులు జోడించి నిలబడ్డాడు. నేను గడప దగ్గర కూర్చుని ఆ చేతివంకే చూస్తున్నాను. ఇదే ఆఖరు, వచ్చేనెల నుంచి ఈ చెయ్యి ఇక్కడ ఉండదని అనిపించింది. ఆయనకి ఇది ఇష్టమేనా? నువ్వు ఇష్టమంటావు. సేటు కాదంటాడు. రాజమణి కొట్టం చూపిస్తుంది. తినే మనిషి మాత్రం ఎదురుగా కూర్చుని తింటున్నాడు, నేను ఈసారి కూడా చూస్తూ ఊరుకుంటున్నాను!

లేచి నిలబడ్డాను. గడప దాటి లోపలికి వెళ్లాను. "ఏమండీ, ఎలా ఉంది?" అని అడిగేశాను.

శాస్త్రిగారు మంత్రం మధ్యలో ఆపేశారు. కమల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆనందరావు, "అమ్మా!" అన్నాడు. వంట ఎలా ఉందని భోక్తని అడగకూడదు, అడిగినా ఆయన చెప్పకూడదు. నాకు తెలియకనా? తెలిసే అడిగాను. ఇంకోసారి కూడా అడిగాను. "నిజం చెప్పండి, ఈ వంట మీకు ఇష్టమేనా? నేను ఏమీ అనుకోను."

ఆదిశేషయ్యగారు కళ్లు తెరిచారు. నన్ను చూశారు. శాస్త్రిగారి వంక చూశారు. ఏడాదిగా మాట్లాడని మనిషి గొంతు సవరించుకుని, మెల్లగా అన్నారు.

"జర సప్పగున్నదమ్మా. ఏడాది సంది గిట్లనే ఉన్నది. పొద్దటి సంది ఉపాసం గదా, ఆకలికి తింటున్న. కొంచెం కారం ఉంటె మంచిగుండు."

త్రిపురా, మీ అన్నయ్య ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నా ఈ ఊరి భాష ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడటం అదే మొదలు! ముందు ఆనందరావు నవ్వాడు. వాడు తండ్రి పోయాక నవ్వగా నేను చూడలేదు. కమల కొంగు నోట్లో కుక్కుకుంది. ఇందుకి ఏమీ అర్థం కాకపోయినా అందరికన్నా పెద్దగా నవ్వింది. శాస్త్రిగారు మాత్రం నెత్తి కొట్టుకుని, "శ్రాద్ధంలో కారమా, శివశివా! ఎక్కడా లేదు" అన్నారు.

"పితృస్థానంలో కూర్చున్నాయన నోరు తెరిచి అడిగితే పెట్టకపోవడం శాస్త్రంలో ఎక్కడుంది?" అన్నాను. ఆయన నా వంక చూసి, చూసి, "నేను పెరట్లోకి వెళ్లి వస్తాను. నేను చూడలేదు" అని లేచి వెళ్లిపోయారు. మంచివారు.

నేనే వెళ్లి ఈ ఏటి కొత్త కారం తెచ్చి, నేతిలో కలిపి, నా చేత్తో విస్తట్లో వేశాను. ఆదిశేషయ్యగారు పప్పన్నంలో కలుపుకున్నారు. నాలుగు ముద్దలు తినేసరికి కళ్లల్లోంచి నీళ్లు కారాయి. కారం ఎక్కువైందేమో అని నేను మంచినీళ్లు అందించాను. తాగి, తల ఊపి, మళ్లీ చెయ్యి చాపారు. మళ్లీ వేశాను. మీ అన్నయ్య కళ్లల్లోనూ రోజూ అవే నీళ్లు. అవి నేను ఎన్నడూ ఆగి చూడలేదు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. గదిలోకి కూడా వెళ్లలేదు, అక్కడే, అందరి ముందూ, విస్తరి పక్కన కూర్చుని ఏడ్చాను. ఆనందరావు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు ఎవరి మాట నమ్మను? నీకు తెలిసిన ఆ కుర్రాడికి చప్పిడే ఇష్టం, అది నిజమే. ఆ కుర్రాడు నాతో బతికి ముసలివాడయ్యాడు. అలవాటైపోయిందిలే అని నీతోనే అన్నాడట. అలవాటు ఎప్పుడో ఒకరోజు ఇష్టమైందేమో. కాలేదేమో. కొట్టంలో మజ్జిగ తాగింది నిజం, బజార్లో మిరపకాయ కొరికింది నిజం. ఈ రెండూ ఒక్క మనిషే చేశాడు. నాకు ఇంకా అర్థం కాలేదు, ఇక అర్థం కాదు కూడా. కానీ అడిగాను త్రిపురా. ఒక్కసారైనా ఆయన స్థానంలో ఉన్న మనిషిని ఎదురుగా నిలబడి అడిగాను, జవాబు వచ్చింది. అది ఆయనదో, శాలిబండ ఆదిశేషయ్యగారిదో, నేను మాత్రం పుచ్చుకున్నాను.

మీవారి కన్ను కుదుటపడగానే బయలుదేరి రా. నీకు ఏం వండను? మొహమాటపడి అన్నీ బాగున్నాయనకు. కారం ఎక్కువైతే నోరు తెరిచి చెప్పు, మీ అన్నయ్యలా చేయకు.

ఆశీస్సులతో,
నీ వదిన
హైమవతి